సంతకం లేని మెయిల్

ఇండోనేషియాలోని యోగ్యకర్తాలో చిన్న సంస్థల వెబ్‌సైట్లు, మెయిళ్లు నడిపే రత్రి అనే యువతి పిల్లల ప్రదర్శన చూద్దామని వచ్చేసరికి, వాళ్లకు గామెలాన్ వాద్యాలు నేర్పే, అందరూ గౌరవంగా 'పాక్' అని పిలిచే విగ్న్యో మాస్టారు ఖాళీ హాల్లో కంచు గంటల మధ్య ఒంటరిగా కూర్చుని ఉన్నాడు. ప్రదర్శన రద్దయిందని, ఆయన బడి మెయిల్ చిరునామాతోనే తల్లిదండ్రులందరికీ ఎవరో దొంగ మెయిల్ పంపారు. పిల్లలొక్కరూ రాలేదు.

బడి పేరుతో ఏవో పిచ్చి మెయిళ్లు వెళ్తున్నాయని ఆయన రత్రికి కిందటి నెలలోనే చెప్పాడు. "చూస్తాలెండి, పాక్" అని ఊరుకుంది.

ఇప్పుడు అక్కడే కూర్చుని ఆ పని ముగించింది. ఇకపై బడి పంపే ప్రతి మెయిల్‌కీ, అది నిజంగా బడిదేనని చూపే డిజిటల్ సంతకం పడుతుంది. అది లేకుండా ఆ పేరుతో వచ్చినవాటిని తిప్పికొట్టమని, మెయిళ్లు అందుకునే సర్వర్లకు సూచన కూడా పెట్టింది. ఆయన ఇచ్చిన టీ చల్లారేలోపే అయిపోయింది.

"పెద్ద సాయం చేశావమ్మా," అన్నాడాయన.

రత్రి తల దించుకుంది. "సాయం కాదు, పాక్. మీరు చెప్పిన రోజే చెయ్యాల్సింది. చిన్న బడే కదా అని పక్కన పెట్టేశాను."

ఆయన ఖాళీ చాపల వైపు చూశాడు. "నాకు చెప్పావు, సరే. నేనే రావద్దన్నానని పిల్లలు అనుకుంటున్నారు. వాళ్లకీ చెప్తావా?"

ఆదివారం తరగతికి వచ్చిన పిల్లల ముందు నిలబడి రత్రి జరిగింది చెప్పింది. ముందు వరసలోని పిల్ల, "అయితే మమ్మల్ని వద్దన్నది పాక్ కాదా?" అని అడిగింది.

"కాదు. ఆ దొంగ మెయిల్‌ని ఆపగలిగుండీ ఆపనిది నేను," అంది రత్రి, ఆ పిల్ల కళ్లలోకి చూడలేక.

పాక్ విగ్న్యో పిల్లల చేతికి వాద్యాలు మోగించే చిన్న సుత్తులిచ్చి, "పదండి, మొదలుపెడదాం," అన్నాడు. రత్రి వెనక చాప మీద కూర్చుని, వాళ్ల వాయింపు అయ్యేదాకా వింది.