రుక్కి నీడ

రుక్కి తెల్లారకముందే తండా నుంచి నడిచొచ్చి గూడూరు అంగట్లో కూరగాయల గంప దించేది. ఎండాకాలంలో పొద్దెక్కేసరికి అందరి తోటకూరా తల వాల్చేసేది. రుక్కి కొత్తిమీర మాత్రం సాయంత్రం దాకా అప్పుడే పీకినట్టుండేది. ఆమె నీడ చల్లన. బేరమాడే వాళ్లు ఆ నీడలో కాసేపు కూర్చుని, చెమట ఆరాక లేచిపోయేవాళ్లు. కొందరికి హస్తవాసి బాగుంటుంది, రుక్కికి నీడ బాగుంది, అంతే అనుకునేవాళ్లు.

ఓ వేసవిలో రైతులు అమ్ముడుపోని టమాటాలు రోడ్డు పక్కన పారబోస్తుంటే రుక్కి చూసింది. 'నా నీడల పెడితే రేపు అమ్ముకోరా?' అనుకుంది. భర్త చత్రుకు చెబితే నవ్వాడు.

"నీడను కిరాయికిస్తవా?"

"ఎందుకియ్య? ఎండ ఊకెనే వస్తున్నది, పెట్టుబడి లేదు కద."

మర్నాడే అంగడి పక్క ఖాళీ జాగాలో ముళ్లకంప తీసేసి, హద్దుకు నాలుగు కర్రలు పాతి, ఎండలో నిలబడింది. రైతులు టమాటా క్రేట్లు తెచ్చి పెట్టారు. ఒక్క కాయ మెత్తబడలేదు. నెల తిరిగేసరికి జాగా చాలలేదు. అప్పుడు రుక్కి ధైర్యం చేసి మానుకోటలో టోకు వ్యాపారం చేసే శోభారాణి దగ్గరికి వెళ్లింది.

శోభారాణి అంతా విన్నది. "ఆలోచన మంచిగున్నది చెల్లె. గూడూరుల ఏం ఎదుగుతవు? మా గోదాం ఎనక జాగున్నది. బోర్డు మీద నీ పేరే రాపిస్త."

నిజంగానే రాయించింది. పాలు వచ్చాయి, మల్లెపూలు వచ్చాయి, మామిడికాయలు వచ్చాయి. రుక్కి పొద్దంతా ఎండలో నిలబడేది. మిట్టమధ్యాహ్నం నీడ కాళ్ల కిందికి ముడుచుకుంటే, కొంగు రెండు చేతులా చాపి నిలబడేది.

"నీళ్లెక్కువ తాగకు చెల్లె," అనేది శోభారాణి. "ఊకె పక్కకు పోతే మాలుకు ఎండ తగుల్తది."

ఓ రోజు చత్రు ఫోన్ చేశాడు. "బిడ్డకు జరం తలకెక్కింది. దవాఖానల ఏసినం. నిన్నే అడుగుతున్నది."

"పో చెల్లె, బిడ్డ కంటె ఎక్కువనా?" అంది శోభారాణి. "గని గీ మామిడికాయలేం పాపం చేసినయి? నీడను ఈడుంచి పో."

రుక్కి నేల మీదికి వంగింది. "జర ఈడ్నే ఉండు. గిట్ల పోయి గట్ల వస్త." నీడ ఆమె మడమలు వదిలింది. ముల్లు తీసినంత నొప్పి పుట్టింది.

దవాఖానలో పిల్ల ప్రత్యూష తల్లిని వాటేసుకుని వెంటనే వదిలేసింది. "యాడీ, నీ ఒళ్లు కాలుతున్నదే!"

పిల్ల కోలుకున్నాక రుక్కి తిరిగొచ్చేసరికి ఆ జాగా చుట్టూ గోడ లేచింది, షట్టర్ వచ్చింది. నీడ మీద నిలువెత్తు క్రేట్లు.

"ఇప్పుడు లేపితే మాలంత ఖరాబైతది," అంది శోభారాణి. "మామిడి అయిపోని."

మామిడి అయిపోయింది. పెళ్లిళ్ల పూలు వచ్చాయి. చత్రు పెద్దమనుషులను వెంటబెట్టుకొచ్చాడు. శోభారాణి వాళ్లను ఆ నీడలోనే కుర్చీలేసి కూర్చోబెట్టింది. "ఆమెనే ఉంచి పోయింది. నేనేమన్న గుంజుకున్ననా?" అంది. వాళ్లు చల్లగా కూర్చుని, చల్లగా లేచిపోయారు.

గూడూరులో రుక్కి గంప దించేలోపే ఆకుకూర నల్లబడేది. గిరాకీ పక్క గంపకు మళ్లింది. రుక్కి ఒళ్లు ఏ చెట్టు కిందా చల్లబడలేదు. ఇక ఏ దారీ లేక శోభారాణి గోదాంలోనే హమాలీ పనికి కుదిరింది. బోర్డు మీద ఆమె పేరు ఇంకా ఉంది.

మొదటి రోజు క్రేటు నెత్తిన పెట్టుకుని లోపలికి వెళ్లింది. నేల మీద తన కొప్పే, తన భుజాలే.

"వచ్చిన," అంది మెల్లగా.

ఏ కూలీ వచ్చినా జరిగినట్టే, నీడ క్రేటు దించడానికి చోటిచ్చి పక్కకు జరిగింది.