పాసిటీ ఆఫ్ స్టాఫ్

టైపిస్టు ఆ పూట మరో తిరస్కరణ ఉత్తరం కొడుతోంది. కణుపులు వాచిన వేళ్లు, ముక్కు మీదికి జారే కళ్లద్దాలు, కుర్చీలో దిండుగా మడిచి వేసుకున్న పాత తువ్వాలు. సెలవడిగినా, బదిలీ అడిగినా ఆ ఆఫీసు జవాబు ఒకటే: ‘పాసిటీ ఆఫ్ స్టాఫ్’. బల్లో బీరువానో అడిగితే ‘పాసిటీ ఆఫ్ ఫండ్స్’. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు. కాకపోతే ఆఫీసు ఆ సంగతి ఇంగ్లీషులో మర్యాదగా చెబుతుంది.

బదిలీ మీద కొత్తగా వచ్చిన గుమాస్తా తొంగిచూశాడు.

“ఈ పాసిటీ ఏమిటండీ?”

“కొరత.”

“షార్టేజీ అంటే పోలా?”

“షార్టేజీ అంటే ఎప్పుడు తీరుతుందని అడుగుతారు. ఇదైతే అడగరు.”

అతను నవ్వాడు. ఆమె నవ్వించడానికి అనలేదు.

నిన్న ఆమె కూడా రెండు రోజుల సెలవడిగింది. పక్క జిల్లాలో అక్క మంచాన పడి ఉంది. తల్లి పోయాక జడలు వేసి బడికి పంపిన అక్క. “వీలైతే ఒకసారి రావే. కాకపోతే ఫర్లేదులే,” అంది ఫోనులో. అక్క ఫర్లేదంటే పరిస్థితి బాగాలేదనే లెక్క.

అడిగిన కాసేపటికే ఆఫీసరు పిలిచాడు. చెడ్డవాడేం కాదు. “మీకు తెలియందేముందమ్మా, మనుషుల్లేరు. వచ్చేవారం చూద్దాం. ఎప్పటి జవాబే కొట్టి తెచ్చెయ్యండి,” అన్నాడు కాగితాల్లోంచి తలెత్తకుండా.

నోటిమాటతో తేల్చే అలవాటు ఆ ఆఫీసుకు లేదు. ఆమె వచ్చి కూర్చుని, పేరు ఉండాల్సిన చోట తన పేరు కొట్టింది. తప్పులున్నాయేమోనని చదివింది. లేవు. సంతకం పెట్టించి ఒక ప్రతి ఫైల్లో, ఒకటి తన సంచిలో పెట్టుకుంది. కోపం వస్తుందేమోనని కాసేపు చూసింది. రాలేదు. ఇన్నేళ్లూ అందరికీ సరిపోయిన జవాబు తనకు మాత్రం ఎందుకు సరిపోదు అనుకుంది.

ఇవాళ భోజనాల వేళ దాటాక బావ ఫోన్ చేశాడు.

“మీ అక్క పోయిందమ్మా.”

సగంలో ఉన్న వాక్యం పూర్తి చేసి లేచింది. సంగతి వినగానే ఆఫీసరు కుర్చీలోంచి నిలబడ్డాడు. “అయ్యో! వెంటనే బయల్దేరండమ్మా. కాగితం గీగితం ఏం వద్దు. ఇక్కడ మేం చూసుకుంటాం.”

చూసుకుంటారట. నిన్నా వీళ్లే ఉన్నారు. బస్సులో ఆ ఒక్కమాటే తిరుగుతూ ఉంది. ఏడుపు మాత్రం రాలేదు.

పొద్దుగూకే వేళకు అక్క ఇంట్లో అడుగుపెట్టింది. అక్కను ముందుగదిలో పడుకోబెట్టారు. లోపలి గదిలో పక్క అప్పటికే ఎత్తేశారు. ఉత్త మంచం, కిటికీ పక్కన బావ. ఆయన స్టూలు మీద బోర్లించి ఉన్న గిన్నె చూపించాడు.

“పొద్దున తనే ఒలుచుకుంది. ఒక్క తొన తిని, మిగతావి నీకుంచమంది.”

ఆమె గిన్నె ఎత్తింది. పళ్లెంలో ఒక్క తొన తగ్గిన కమలాపండు, తెల్లటి పీచంతా ఓపిగ్గా తీసి, అంచులు అప్పుడే ఎండుతూ.