వేడివేడిగ ఒక్క ప్లేటు

“అట్ల లేదే” అన్నడు మా ఆయన, నోట్లది ఇంకా మింగకముందే. “ఆ హోటల్ల తింటె గిట్ల ముద్ద కాదు. దేనికది విడివిడిగ ఉంటది. జర పొగ వాసనొస్తది. నీకెట్ల చెప్పాలె?”

నాకెట్ల చెప్పాలెనో ఆయనకు తెల్వది. ఆయన చెప్పింది ఎట్ల వండాలెనో నాకు తెల్వది. గీ బాధ ఏండ్ల సంది నడుస్తాంది.

మా ఆయన సారంగపాణికి వరంగల్ చౌరస్తల పంపుసెట్ల దుకాణం. ఓసారి కంపెనీవాళ్ళు సికింద్రాబాద్‌ల మీటింగు పెట్టి, డీలర్లందరిని రాత్రికి చైనా హోటల్‌కు తీస్కపోయిండ్రట. ఆ రోజు తిన్నది ఈయన నాలికె మీదికెల్లి మల్ల దిగలే. ఇంటికొచ్చి చెప్పులన్న ఇడువకముందే “వరలక్ష్మీ, సేమ్యా అసోంటిదే గని సేమ్యా కాదు” అని షురు చేసిండు. మొదలు సేమ్యాతోనే చేసిన. “ఇది ఉప్మా” అన్నడు. మల్ల పోయినప్పుడు అసలు నూడుల్స్ ప్యాకెట్లు, ఓ నల్ల సోయా సాస్ సీస, పుల్లటి సిర్కా సీస తెచ్చిండు. మా అత్తమ్మ చిలుకమ్మ ఆ నల్ల సీస మూత తీసి వాసన చూసి “ఎవరికే కషాయం? కడుపునొస్తాందా?” అన్నది. నూడుల్స్ ఉడుకుతుంటె తొంగి చూసి “రామ రామ, వానకాలం ఎర్రలు!” అని మొకం తిప్పుకున్నది. సూప్ చేస్తె “గంజికి గింత కతనా?” అన్నది. ఆ హోటల్ల తిన్నంక పాలు పొయ్యని చాయ్ ఇస్తరట, అది చేసి ఇస్తె “ఏందే, ఇయ్యాల పాలోడు రాలేదా?” అన్నది. నాకు నవ్వాగలే. ఆ ఇంట్ల నేను నవ్విందంటె అత్తమ్మ మాటలకే, ఆ సంగతి ఆమెకు తెల్వది పాపం.

నవ్వులాటకు అంటాన్న గని, చూడని ఊరికి తొవ్వ చెప్పినట్టే వండిన నేను. మా ఇంట్ల వండేటోళ్ళు రుచి చూడొద్దు. ఎంగిలైతది. కొత్తగ కాపురానికొచ్చినప్పుడు పప్పు ఓ చుక్క అరచేతిల ఏస్కొని నాకిన. అత్తమ్మ సూసింది. గిన్నెడు పప్పు కుడితిల పోయించి, నాతోని మల్ల తానం చేయించి, మల్ల పొయ్యి ముట్టించమన్నది. అప్పటిసంది నాకు ఉప్పు కంటితోనే, పులుపు ముక్కుతోనే. పప్పుచారంటె మా అమ్మ చెయ్యి యాదికుంటది, అందాజ మీద నడుస్తది. నూడుల్స్‌కు ఏ అమ్మ చెయ్యి ఉన్నది? అందుకే మా ఆయన మొకమే నాకు నాలికె అయింది. కనుబొమ్మలు ముడిపడ్డయంటె సిర్కా ఎక్కువైనట్టు. తల ఊపిండంటె సరిపోయినట్టు. ఏం మాట్లాడకుంట ప్లేటు ముందటికి జరిపిండంటె ఇంకింత పెట్టుమన్నట్టు. ఆ మొకం సూసుకుంట సూసుకుంట నేర్చుకున్న. ఉడికిన నూడుల్స్‌ను చల్లనీళ్ళతోని కడిగి, నూనె రాసి ఆరబెట్టుడు, క్యాబేజీ వెంట్రుకల్లెక్క తరుగుడు, ఇనుప మూకుడు పొగలొచ్చేదాక కాలినంకనే అన్నీ ఎత్తి ఏసుడు. రెక్కలు పడిపోయేటియి. ఆఖరికి ఓనాడు “ఆఁ, ఇప్పుడొచ్చింది దారికి” అన్నడు. వండింది దారికొచ్చిందన్నడో, వండినామె దారికొచ్చిందన్నడో, నేను అడుగలే.

గని ఆ తిండికి ఓ రోగమున్నది. వేడి మీదనే తినాలె. చల్లారితె అంతా ఒక్క గడ్డ. ఈయన తిని, పిల్లలు తిని, అత్తమ్మకు రొట్టె చేసి పెట్టి, గిన్నెలు తోమి, పొయ్యి కాడ తుడిచి నేను కూసునేసరికి మూకుడు అడుగున మిగిలింది చెంచతోని కోసుకోవాలె. చల్లటి నూనె పెదవులకు అంటుకునేది. ఇదేనా, హైదరాబాదోళ్ళు పైసలు పెట్టి మరీ తినేది? అనుకునేదాన్ని. ఆకలికి మింగి పండుకునేదాన్ని.

అందుకే నాకు ఒక్కసారి ఆ హోటల్‌కు పోవాలెనని ఉండె. తినుడొక్కటే కాదు. నేను కుర్చీల కూసుంటె, వేరేవాళ్ళు వండి వేడివేడిగ తెచ్చి నా ముందట పెట్టాలె. ఒక్కటంటె ఒక్క ప్లేటు. ఎన్నడు చీర అడుగలే, సొమ్ము అడుగలే, ఇది మాత్రం సిగ్గిడిసి అడిగిన. “తీస్కపోతనే, హోటల్ ఏడికి పోతది” అన్నడు. దీపావళి పోనీ అన్నడు. ఎండకాలం సీజన్ పోనీ అన్నడు. నిరుడు అట్లనే పోయింది. ఈ యేడు మాత్రం ఆయనంతట ఆయనే అన్నడు, “ఐతారం కంపెనీ సార్ రాజేశ్వర్ రావు, వాళ్ళామె మనింటికి తిననీకె వస్తాండ్రు. నూడుల్స్ మంచిగ కానియ్యి, వచ్చేవారం నిన్ను సికింద్రాబాద్ తీస్కపోత. ఒట్టు!” నా తల మీద చెయ్యి పెట్టి ఒట్టేసిండు. పిచ్చిదాన్ని, ఆ రోజే పెట్టెలకెల్లి నెమలికంఠం రంగు చీర తీసి, మడత మార్చి, కలరా ఉండలు దులిపి పెట్టుకున్న.

ఐతారం వచ్చిండ్రు. పిల్లలకు ముందే పెట్టి పక్కింటికి తోలిన. టేబుల్ కాడ మా ఆయన, సార్, సార్ వాళ్ళామె పద్మగారు కూసున్నరు. నాలుగో కుర్చి ఖాళీ. మొదలు సూప్, ఆ తర్వాత గోబీ మంచూరియా, అదైనంక ఒక్కొక్క ప్లేటు అప్పటికప్పుడు చేసుకుంట నూడుల్స్. వంటింట్లకెల్లి టేబుల్ కాడికి, టేబుల్ కాడికెల్లి వంటింట్లకు. మోకాళ్ళు గుంజుతాన్నయి.

“అచ్చం హోటల్లనే ఉన్నదయ్యా సారంగపాణి” అన్నడు సార్.

పద్మగారు నా దిక్కు తిరిగి అడిగింది. “చాలా బాగా చేశారు. మీరు ఏ హోటల్లో తిని నేర్చుకున్నారండీ?”

నేను నోరు తెరువకముందే మా ఆయన నవ్విండు. “ఆమెనా? ఎన్నడు హోటల్ మెట్టెక్కలే మేడం! నేను తినొచ్చి చెప్తె చేస్తది. ఓసారి తీస్కపొమ్మని ఒక్కటే సతాయింపు. ఇంట్లనే హోటల్ ఉండంగ ఇంకక్కడికెందుకు చెప్పుండ్రి? దండుగ!” సార్ కూడ నవ్విండు. “అంతేగదా మరి” అన్నడు.

నేను ఖాళీ గిన్నె పట్టుకొని అట్లనే నిలబడ్డ. మంచిగ కాకపోతె తీస్కపోడు. మంచిగైతె తీస్కపోవుడు అక్కరలేదు. ఇంత సీదా లెక్క నాకు ఇన్నేండ్లు తెల్వలే. ఒట్టు కూడ నా తల మీదనే పెట్టిండు గద, ఆయన తల మీద పెట్టుకోలే.

“ఏం చూస్తానవ్? సార్‌కు ఇంకో ప్లేటు పట్కరా, వేడివేడిగ!” అన్నడు.

వంటింట్లకు పోయిన. గడప కాడ అత్తమ్మ పీట మీద కూసోని చల్లారిన రొట్టె తుంచుకుంటాంది. “కాళ్ళు పోయినయా?” అన్నది. ఊఁ అన్న. మూకుడు పొగలొచ్చింది. క్యాబేజీ ఏసిన, నూడుల్స్ ఏసిన, నల్ల సాసు చిలకరించిన, ఎత్తి ఏసిన. నా చేతికి తెలిసింది, ఇంత మంచిగ ఎన్నడు కాలే. ప్లేట్ల ఒంపితె ఆవిరి మొకానికి తగిలింది. కోపమొచ్చిందా అంటె, లేదు. కోపానికి కూడ ఓపిక కావాలె. మస్తు అలిసిపోయిన. కూసోవాలెననిపించింది.

టేబుల్ కాడికి పోయిన. మా ఆయన ప్లేటు కోసం చెయ్యి చాపిండు. నేను నాలుగో కుర్చి గుంజుకొని కూసున్న. ప్లేటు నా ముందట పెట్టుకున్న.

గడప కాడికెల్లి అత్తమ్మ గొంతు వినొచ్చింది. “ఏందే వరలక్ష్మీ! మొగోళ్ళు ఇంకా చేతులన్న కడుగలే!”

మొదటి ముద్ద నోట్ల పెట్టుకున్న. నాలికె కాలింది. దేనికది విడివిడిగ ఉన్నది. పొగ వాసనున్నది. గిదా నేను ఇన్నేండ్ల సంది చేసేది! గింత రుచిగుంటదా! ఏడుపొచ్చింది నాకు, దాచుకోలే. నములుతుంటె ఇంకోటి కూడ తెలిసింది.

“ఉప్పు జర తక్కువైంది” అన్న. ఆ సంగతి మా ఆయన మొకంల ఎన్నడు కనపడలే.

పద్మగారు ఉప్పు డబ్బి నా దిక్కు జరిపింది. మా ఆయన ముందటికి వంగి, పండ్ల బిగువున అడిగిండు. “సార్ ప్లేటు ఏదే?”

“చేస్త” అన్న, ఉప్పు చల్లుకుంట. “నేను తిన్నంక.”