మొహాలు ఆఖర్న

లిఫ్టు మెకానిక్కుకు ఫోటోలు తీయడం రాదని మొట్టమొదట కనిపెట్టింది అతని భార్య. ఆ మాటకొస్తే అతనికి రానివన్నీ కనిపెట్టింది ఆమే. పాట రాదని, బేరమాడటం రాదని, అబద్ధమాడటం అసలే రాదని పెళ్ళయిన కొత్తలోనే తేల్చి పారేసింది. ఫోటోల సంగతి మాత్రం ఆలస్యంగా, ఆమె మంచం పట్టాక బయటపడింది.

ఆ రోజు డాక్టరు అతన్నొక్కడినే లోపలికి పిలిచి, ఇక మందులు మార్చి ప్రయోజనం లేదన్నాడు. ఇంటి దగ్గరే ఉంచి బాగా చూసుకోమన్నాడు. బాగా చూసుకోవడమంటే ఏమిటో అడగకుండానే లేచాడు. ఇంటికొచ్చి, దిండుకు ఆనుకుని కూర్చున్న భార్యను కాసేపు చూశాడు. ఏం చేయాలో తోచక ఫోను తీసి ఒక ఫోటో కొట్టాడు. చూపించమంటే చూపించాడు. ఆమె ఫోను కళ్ళకు దగ్గరగా పట్టుకుని చూసింది.

"ఎవరిదండీ ఈ మొహం?" అంది చివరికి. "మీకు తీయడం రాదు."

ఫోను పాతదైపోయిందని గొణిగాడు. ఆడలేక మద్దెల ఓడన్నది మీలాంటి వాళ్ళే అని ఆమె నవ్వింది. ఆ కాస్త నవ్వుకే ఆయాసం వచ్చి, వాళ్ళ అక్క పరిగెత్తుకొచ్చి వీపు రాయాల్సి వచ్చింది. చెల్లెలి కోసం తన ఇల్లూ వాకిలీ వదిలేసి వచ్చిన మనిషి ఆ వదిన. వచ్చిన రోజే గదిలో అద్దం తీసేసి బీరువా వెనక పెట్టేసింది. ఎందుకని ఎవరూ అడగలేదు.

అతని భార్య బట్టల షాపులో కౌంటరు దగ్గర పనిచేసేది. వచ్చిన వాళ్ళ మొహం ఒక్కసారి చూసి ఏ రంగు నప్పుతుందో చెప్పేది, చెబితే తిరుగుండేది కాదు. ఊళ్ళో వాళ్ళందరి మొహాలూ చూసిన మనిషికి తన మొహం ఫోటోలో చూసుకోవాలంటే మాత్రం మహా చిరాకు. ఎవరు కెమెరా ఎత్తినా చెయ్యి అడ్డం పెట్టేసేది. అందుకని ఇంట్లో ఆమె సరిగ్గా పడిన ఫోటో అంటూ ఒక్కటీ లేదు. గోడమీదున్న పెళ్ళి ఫోటో చూద్దామా అంటే, అందులో అతను నోరు తెరిచాడు, ఆమె కళ్ళు మూసుకుంది. ఇద్దరిలో ఎవరిది ఎక్కువ తప్పో ఇన్నేళ్ళూ తేలలేదు.

ఆయాసం తగ్గాక ఆమె మళ్ళీ అదే మాట ఎత్తింది. "నేర్చుకుని తీయండి. ఒక్కటి చాలు. అందులో నేను నాలా ఉండాలి. అది గోడకు పెట్టుకోండి. అప్పటిదాకా నా ఎదురుగా కెమెరా ఎత్తొద్దు."

మెకానిక్కు ఆ మాటను మనసారా నమ్మాడు. నమ్మడానికి అతని కారణాలు అతనికున్నాయి. లిఫ్టు మొరాయించిందంటే ఎక్కడో ఒక లోపం ఉంటుంది, అది దొరికితే చాలు, కదులుతుంది. ఇక్కడ లోపం ఎక్కడుందో ఆమే చెప్పింది, తన చేతిలో ఉందంది. డాక్టరు చెప్పినదాంట్లో తను చేయగలిగింది ఏమీ లేదు. ఇందులో ఉంది. గుడ్డిలో మెల్ల అనుకుని, తమ్ముడు కొని, కొన్నాళ్ళు మెడలో వేసుకుని ఊరేగి, విసుగెత్తి అటకెక్కించిన డిజిటల్ కెమెరాను కిందికి దింపాడు.

పార్కులో పాఠాలు చెప్పే మాస్టారు అలా తగిలాడు. పెళ్ళిళ్ళ ఫోటోలు తీసి తీసి, ఇప్పుడు ఎవరి ఫోన్లో వాళ్ళే తీసుకుంటున్నారు గనక, కొత్తవాళ్ళకు కెమెరా పట్టుకోవడం నేర్పుతున్నాడు. ఒకసారి ఒక్కరికే చెబుతాడు. ఇద్దరుంటే ఒకరి కెమెరా ఒకరు చూసి ఏడుస్తారని ఆయన సిద్ధాంతం. గదిలో చెప్పడు. గదిలో వెలుతురు మనం పెట్టినట్టు ఉంటుంది, బయట దాని ఇష్టం వచ్చినట్టు ఉంటుంది, ముందు పొగరుబోతు దగ్గర నేర్చుకుంటే తర్వాత అందరి దగ్గరా నెగ్గుకురావచ్చు అంటాడు. టోపీ కింద నుంచి సగం మొహమే కనబడే ముసలాయన, నోరు మాత్రం పూర్తిగా వినబడుతుంది.

పాఠాలకు ఒక వరస ఉంది. ముందు కదలనివి, అంటే బెంచీ, గోడ, రాయి. తర్వాత కదిలేవి, అంటే పావురాలు, సైకిళ్ళు. ఆ తర్వాత నీడలు. మొహాలు ఆఖర్న. ఈ వరస ఎవరి కోసమూ మారదు.

"మొదటే మొహాలకు వెళ్ళలేమా మాస్టారూ?" అని మొదటి రోజే అడిగాడు మెకానిక్కు.

నేల విడిచి సాము చేయొద్దని మాస్టారు బెంచీ చూపించాడు. మెకానిక్కు బెంచీని తీశాడు. తెరమీద చూస్తే బెంచీ మసగ్గా ఉంది, దాని వెనక కంచె ఇనుప ముళ్ళతో సహా కొట్టొచ్చినట్టు పడింది. కొత్తవాళ్ళందరూ చేసే తప్పే ఇది. కెమెరాకు ఏది ముఖ్యమో మనం చెప్పకపోతే దానికి తోచిన దాన్ని పట్టుకుంటుంది. మాస్టారికి ఈ తప్పంటే ఒళ్ళుమంట.

"పిలిచింది ఒకర్ని, పలకరించింది వెనకున్న వాళ్ళని," అన్నాడు. "బెంచీకి కోపం రాదు గాబట్టి సరిపోయింది. రేపు మనిషిని ఇలా తీస్తే నీ మొహం చూస్తారా?"

ఫోకస్ చుక్కను వేలితో జరిపి, ఏది కావాలో దాని మీద పెట్టి, సగం నొక్కి ఆగి, అప్పుడు పూర్తిగా నొక్కడం నేర్పాడు. మెకానిక్కు పొద్దున్నే పనికి పోయే ముందు వచ్చేవాడు. బతుకంతా లిఫ్టు గోతుల్లో టార్చిలైటు పట్టుకుని తిరిగినవాడికి వెలుతురు దారి కనిపించడానికే గానీ దాన్ని కూడా చూడాలని తెలియదు. చెట్టు కింద వెలుతురు వేరు, గోడ పక్కన వేరు అని మాస్టారు చూపిస్తే, ఇన్నాళ్ళూ కళ్ళు ఎక్కడ పెట్టుకున్నానా అనిపించింది. ఇంటి దగ్గర ఏం జరుగుతోందో మాస్టారికి చెప్పలేదు. చెప్పిన చోటల్లా మనుషులు గొంతు తగ్గించి మాట్లాడటం మొదలుపెడుతున్నారు. ఇక్కడ అతనొట్టి చేతకాని శిష్యుడు. తిట్లు తింటున్నంతసేపు హాయిగా ఉండేది.

ఇంటికెళ్ళగానే భార్య అడిగేది, ఇవాళ ఏం తీశారని. చూపించేవాడు. బెంచీ అయింది, రాళ్ళయ్యాయి, పావురాలు వచ్చాయి. పావురం కన్ను స్పష్టంగా పడిన రోజున ఆమె కెమెరాను వదల్లేదు. నా కంటే ముందు పావురాలకు యోగం పట్టిందని దెప్పింది. కెమెరా బరువుకు ఆమె మణికట్టు వణకడం చూసి అతను కింద చెయ్యి ఆనించాడు.

పావురాలు దాటి నీడల దగ్గరకొచ్చేసరికి ఆమె లేచి కూర్చోవడం మానేసింది. వదిన చెంచాతో గంజి తాగిస్తే సగం బయటికొచ్చేది. ఆ పొద్దున పార్కులో మాస్టారు గోడ మీద కొమ్మ నీడ చూపిస్తూ ఏదో చెబుతున్నాడు. మెకానిక్కు వినడం లేదు.

"మాస్టారూ, ఆఖరిదాకా ఆగే టైము లేదు," అన్నాడు. "మా ఆవిడకు బాగాలేదు."

మాస్టారు గొంతు తగ్గించలేదు. ఎన్నాళ్ళని గానీ, ఏం జబ్బని గానీ అడగలేదు. కొమ్మ నీడను అలాగే వదిలేసి, టోపీ తీసి, చెట్టు నీడ అంచున బెంచీ మీద కూర్చున్నాడు. ఎవరి కోసమూ మారని వరస ఆ రోజు మారింది.

"తియ్యి. నేనే మొహం," అన్నాడు.

మనిషిని ఎండలో కాకుండా, పూర్తిగా నీడలో కాకుండా, నీడ అంచున కూర్చోబెట్టమన్నాడు. మొహాన్ని వెలుతురు వైపు కొంచెం తిప్పమన్నాడు. దగ్గరున్న కంటి మీద ఫోకస్ పెట్టమన్నాడు. ఆ కంట్లో చిన్న తెల్ల చుక్క మెరుస్తుంది, అది కనబడేదాకా నొక్కొద్దన్నాడు. మెకానిక్కు ఊపిరి బిగబట్టి చూశాడు. చుక్క కనబడింది. నొక్కాడు.

ఇద్దరూ తలలు దగ్గర పెట్టి తెరమీద చూశారు. అన్నాళ్ళలో అతను తీసినవాటిలో అంత బాగా వచ్చింది మరోటి లేదు. కంటి కింద వేలాడే సంచులు, గడ్డం గీసుకుంటూ వదిలేసిన వెంట్రుకలు, ఎండిన పెదవి, కళ్ళలో ఏళ్ళ తరబడి పేరుకున్న అలసట, అన్నీ ఉన్నాయి. టోపీ కింద దాచుకున్న ముసలితనమంతా అందులో ఉంది.

"నీకు వచ్చేసింది," అన్నాడు మాస్టారు, మొహం అవతలికి తిప్పుకుని.

సంతోషించాల్సిన మనిషి కెమెరా వైపే చూస్తూ నిలబడిపోయాడు. బాగా రావడమంటే ఇదన్నమాట. ఉన్నది ఉన్నట్టు, దాచకుండా, దగ్గరకొచ్చి మరీ చూపించడం. అయితే ఆ రోజు ఫోన్లో తీసిన ఫోటోలో లోపమేమీ లేదు. అది ఆమె మొహమే. పాత ఫోను కొంత దయ తలచి తక్కువ చూపించింది. ఇప్పుడు తను నేర్చుకున్నదంతా పెట్టి తీస్తే, మిగిలినదీ చూపిస్తుంది.

"లేనిది తీసుకురాలేమా మాస్టారూ?" అని అడిగాడు. "ముందెలా ఉండేదో అలా?"

"రాదు బాబూ," అన్నాడు మాస్టారు.

ఆ రోజు మెకానిక్కు పనికి వెళ్ళలేదు. ఇంటికి వెళ్ళాలనీ లేదు. కానీ వెళ్ళాడు. నిండా మునిగినవాడికి చలేమిటి అంటారు గానీ, ఉంటుంది.

ఆమె ఎదురుచూస్తోంది. మొహాల పాఠం దగ్గర పడిందని లెక్కలేసుకుని, వదినతో తల దువ్వించుకుని, తనే ఏరుకున్న నీలం శాలువా కప్పుకుంది. తన మొహానికి ఏ రంగు నప్పుతుందో ఆమెకు తెలుసు, కాకపోతే ఆమెకు తెలిసింది జబ్బుకు ముందున్న మొహం. వదినా అతనూ కలిసి ఆమెను కిటికీ పక్క కుర్చీలో కూర్చోబెట్టారు. కర్టెన్ సగం లాగితే నీడ అంచు సరిగ్గా ఆమె భుజం దగ్గర పడింది. మొహం కొంచెం వెలుతురు వైపు తిప్పమన్నాడు. తిప్పింది. చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.

దగ్గరి కంటి మీద ఫోకస్ పెట్టాడు. తెల్ల చుక్క మెరిసింది. నొక్కాడు.

తెరమీద చూసుకున్నాడు. మాస్టారు చూస్తే భుజం తట్టేవాడు. ఎముకల మీద బిగుసుకున్న చర్మం, పసుపుపచ్చగా మారిన కంటి తెలుపు, పగిలిన పెదవుల మీద ఆమె కష్టపడి తెచ్చుకున్న నవ్వు. కంటిలో చుక్క మాత్రం ఆమెదే. షాపులో కౌంటరు వెనక నుంచి అతన్ని మొదటిసారి చూసి, మీకు ఏ రంగూ నప్పదండీ అన్నప్పటి చుక్క. ఈ లోకంలో ఆమె సరిగ్గా పడిన ఫోటో అదొక్కటే.

"చూపించండి," అంది.

"ఆగు, ఇంకోటి," అన్నాడు.

ఫోకస్ చుక్కను వేలితో మెల్లగా పక్కకు జరిపాడు. ఆమె కన్ను దాటించి, చెంప దాటించి, వెనకున్న కర్టెన్ మీద పెట్టాడు. సగం నొక్కి ఆగాడు. పూర్తిగా నొక్కాడు. ఒళ్ళు దగ్గర పెట్టుకుని, నేర్చుకున్నదంతా వాడి, మొదటి రోజు తప్పు మళ్ళీ చేశాడు.

ఆ ఫోటో తీసుకెళ్ళి చూపించాడు. అందులో కర్టెన్ కుట్లు ఒక్కొక్కటే లెక్కపెట్టొచ్చు. ఆమె మొహం మసకలో నునుపుగా, నీలంగా, ఎవరిదైనా కావచ్చన్నట్టుంది. ఆమె చాలాసేపు చూసింది. తర్వాత కెమెరా మీంచి కళ్ళెత్తి అతన్ని అంతకంటే ఎక్కువసేపు చూసింది.

"కర్టెన్ బాగా వచ్చింది," అంది. "నేను రాలేదు. మీకింకా రాలేదండీ."

"రాలేదు," అన్నాడు.

"ముందు తీసింది?"

"అదీ ఇంతే."

"అయితే చెరిపేయండి. రెండూ. బాగా వచ్చేదాకా ఒక్కటీ ఉంచొద్దు. తర్వాత ఎవరైనా చూస్తే నవ్వుతారు."

ఆమె ఎదురుగానే చెరపాల్సి వచ్చింది. కర్టెన్ది చెరిపాడు. ముందు తీసినదాని దగ్గర కెమెరాను తన వైపు తిప్పుకున్నాడు. నిజంగా చెరపాలా అని కెమెరా అడిగింది, అది అందర్నీ అలాగే అడుగుతుంది. ఆమె చూస్తోంది. బొటనవేలు నొక్కేసింది. తెర నల్లబడ్డాక గానీ తను చేసింది ఏమిటో అతనికి తెలిసి రాలేదు.

"నేర్చుకోండి," అంది, కుర్చీలోంచి తనను లేపడానికి చేతులు చాపుతూ. "తొందరేముంది."

అతనికి అబద్ధమాడటం రాదని తెలిసిన మనిషి ఆ రోజు దాన్ని నమ్మిందో, నమ్మినట్టు ఊరుకుందో అతనికి ఈ రోజుకీ తెలియదు. మర్నాడు పార్కుకు వెళ్ళాడు. ఎలా వచ్చిందని మాస్టారు అడిగితే రాలేదన్నాడు. మాస్టారు కెమెరా కోసం చెయ్యి చాపి, అతని మొహం చూసి, చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. సరే, మళ్ళీ బెంచీ నుంచి మొదలుపెడదామన్నాడు. బెంచీ చక్కగా వచ్చింది.

ఆమె ఆ తర్వాత ఎక్కువ రోజులు బతకలేదు. మళ్ళీ కుర్చీలో కూర్చోలేదు, శాలువా అడగలేదు. తెలివి ఉన్నప్పుడల్లా వచ్చిందా అని అడిగేది, ఇంకా లేదు అనేవాడు, మొద్దు అని నవ్వడానికి ప్రయత్నించేది.

అంతా అయిపోయి, చుట్టాలు వస్తుంటే వదిన ఫోటో కోసం వెతికింది. గోడకు పెట్టడానికి ఒక్కటి కావాలి. ఏడ్చి ఏడ్చి బొంగురుపోయిన గొంతుతో అతన్ని అడిగింది.

"అన్నాళ్ళు పార్కుకు పోయి నేర్చుకున్నారు గదా మరిదిగారూ. ఒక్కటైనా తీయలేదా?"

"నాకు రాలేదు వదినా," అన్నాడు.

వదిన పెళ్ళి ఫోటోను గోడ మీంచి దింపి, నోరు తెరిచి ఉన్న అతన్ని అందులోంచి కత్తిరించి తీసేసి, కళ్ళు మూసుకుని ఉన్న చెల్లెల్ని మళ్ళీ అదే మేకుకు తగిలించింది.