ఇల్లరికం వచ్చిన విలుకాడు

నిదుప్, చుదింగ్ అనే ఊరికి ఇల్లరికం వచ్చి మూడు నెలలు నిండాయి. మా లోయల్లో ఇల్లరికం చిన్నతనం కాదు. ఇల్లూ పొలమూ ఆడపిల్లవి. మనసు కుదిరితే మగవాడే మూటాముల్లే సర్దుకుని ఆమె గుమ్మం ఎక్కుతాడు. అందులో సిగ్గుపడవలసిందేమీ లేదు. కానీ సిగ్గు లేనంత మాత్రాన కొత్త చోట కాలు కుదురుకుంటుందా?

అతను పుట్టిపెరిగిన సారిఖా కొండ నెత్తిన ఉంటుంది. బంగాళాదుంపలూ, జడలబర్రెలూ, చెవులు కోసే గాలీ తప్ప అక్కడ మరేమీ లేవు. చుదింగ్ ఏటి ఒడ్డున వరిమళ్ళ మధ్య ఉంటుంది. కోతలకి సరిగ్గా వేళకి వచ్చిన అల్లుడని అందరూ సంతోషించారు గానీ, వరి కొయ్యడం అతనికి చేతకాదు. కొడవలి పట్టిన మొదటిరోజే ఎడమచేతి చూపుడువేలు కోసుకున్నాడు. కోతలయ్యాక గోధుమకి దుక్కి దున్నమంటే అతని చాలు పాము పాకినట్టు వంకరలు పోయింది. పక్కపొలంవాళ్ళు చూసి మొహం తిప్పుకుని నవ్వుకున్నారు. ఎదుటపడి నవ్వి ఉంటే అతనూ కలిసి నవ్వేవాడే. కొత్త అల్లుడి ముందు ఎవరు నవ్వుతారు?

భార్య బిధాతో ఏ లోటూ లేదు. నోరు తెరిస్తే గలగలమంటూ ఇంటిని నిలబెట్టే మనిషి ఆమె. అత్త గాగెమ్ కూడా మంచిదే, కాకపోతే అతన్ని చూడగానే పళ్ళెంలో అన్నం కుప్పపొయ్యడం తప్ప మాట్లాడ్డానికి ఆవిడకేమీ తోచేది కాదు. ఇక మామ, పేరు కాదో. ఒకప్పుడు ఆ లోయలో అంతటి విలుకాడు లేడనేవారు. భుజం పట్టేశాక విల్లు అటకెక్కించాడు, దాంతోపాటు మాటలు కూడా అటకెక్కించాడేమో. మూడు నెలల్లో అల్లుడితో ఆయన తనంతట తాను చెప్పిన మాట ఒకటే. "ఆ ఎద్దు తంతుంది" అన్నాడు. అదీ ఎద్దు తన్నిన తరవాత.

ఇలా ఉండగా ఒకనాడు దోఫు ఫోన్ చేశాడు. దోఫు సారిఖాలో నిదుప్ ఈడువాడు, చెడ్డీల నాటి నుంచీ కలిసి బాణాలు వేసినవాడు.

"ఒరేయ్, మీ ఊరి మీదికి బాణాల పందేనికొస్తున్నాం. మీ పెద్దలు సరేనన్నారు. ల్హాబ్ గాడు రోజూ గుడ్లు తాగుతున్నాడు, బలం రావాలంట" అన్నాడు దోఫు.

 ఆ పూట నిదుప్ రెండు మళ్ళు దున్నవలసిన చోట నాలుగు దున్నేశాడు. అన్నం తింటూ తింటూ చెయ్యెత్తి విల్లు లాగినట్టు లాగేవాడు. గాగెమ్ చూసి, పిల్లవాడికి చెయ్యి నొప్పేమోనని వెన్న రాయబోయింది. రోజులు గడవవు. దోఫు ఎలా ఒక కన్ను మూసి గొణుక్కుంటాడో, లావుపాటి ల్హాబ్ బాణం వదలగానే దాని వెనకాలే ఎలా పరిగెత్తబోతాడో బిధాకి చెప్పిందే చెప్పాడు. ఆమె కూడా విన్నదే వింది.

పందేనికి ముందురోజు మధ్యాహ్నం బొలెరో బండి దుమ్ము రేపుకుంటూ వచ్చి ఇంటిముందు ఆగింది. ముందుసీట్లోంచి ల్హాబ్ దిగలేక దిగాడు. వెనకనుంచి మిగతావాళ్ళు సంచుల్లోంచి దుంపలు రాలినట్టు దొర్లారు. కౌగిలింతలూ, వీపుమీద చరుపులూ అయ్యాక దోఫు బండిలోంచి గుడ్డ చుట్టిన పొడుగాటి మూట తీశాడు. విప్పి చూస్తే నిదుప్ వెదురువిల్లు. వచ్చేటప్పుడు అమ్మ దగ్గర వదిలేసి వచ్చినది. పిడి దగ్గర అతని చెయ్యి పడ్డ చోట నల్లగా నున్నగా ఉంది.

"జట్టులో మూడో చోటు నీదే. ఎవరికీ ఇవ్వలేదు" అన్నాడు దోఫు.

నిదుప్ విల్లు అందుకునేలోగా వెనకనించి ఖాందు దగ్గాడు. ఖాందు బిధాకి మేనమామ, చుదింగ్ జట్టు పెద్ద. అల్లుణ్ణి తమ జట్టులో ఎప్పుడో లెక్కవేసుకున్నాడాయన. ఒకడికి చెయ్యి విరిగింది, నిదుప్ లేకపోతే జట్టే నిండదు. చెప్పడానికి ఏముందిలే అని చెప్పలేదంతే.

"బాబూ, ఎవరి అన్నం తింటే వాళ్ళ తరఫున వెయ్యాలి. అది మర్యాద" అన్నాడు ఖాందు.

"అన్నం లెక్కే అయితే, పెద్దయ్యా, ఇరవై ఏడేళ్ళు మా ఊరి దుంపలు తిన్నాడు. మీ అన్నం మూణ్ణెల్లది. అదింకా అరగను కూడా లేదు" అన్నాడు దోఫు.

అందరూ నవ్వారు గానీ ఎవరూ మెట్టు దిగలేదు. ఖాందు నవ్వుతూనే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. దోఫు నవ్వుతూనే విల్లు చాచి పట్టుకున్నాడు. నిదుప్ ఇటు చూస్తే మామలు, అటు చూస్తే ప్రాణస్నేహితులు. గడపలో మామ కాదో తాంబూలం నముల్తూ ఏమీ పట్టనట్టు కూచున్నాడు.  రోజుల తరబడి ఎదురుచూసిన ఆనందమంతా ఇలా మెడకి చుట్టుకుంటుందని నిదుప్ అనుకోలేదు.

వెన్నటీ కెటిల్ పట్టుకుని బయటికొచ్చింది బిధా. ముందు చుట్టాల కప్పులు నింపింది, తరవాత దోఫు వైపు తిరిగింది.

"అన్నయ్యా, మీతో ఆడవాళ్ళెవరూ రాలేదే. రేపు మీ తరఫున పాడేదెవరు, ఆడేదెవరు?"

దోఫు బుర్ర గోక్కున్నాడు. బండిలో చోటు చాల్లేదని ఒప్పుకున్నాడు. పాటకత్తెలు లేని జట్టంటే ఉప్పులేని కూరే, అందరికీ తెలుసు.

"అయితే వినండి. ఈయన మా ఊరి తరఫున వేస్తాడు. నేను మీ ఊరి కోడల్ని కదా, మీ తరఫున నేను పాడతాను. సరికి సరి."

ఒక క్షణం ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక ల్హాబ్ నేలమీద కూలబడి నవ్వాడు. ఖాందు కూడా చేతులు విప్పేశాడు. దోఫు విల్లు నిదుప్ చేతిలో పెట్టి, "శత్రువుకి చేజేతులా విల్లిచ్చిన వెర్రివాణ్ణి నేనొక్కణ్ణే" అన్నాడు. నిదుప్‌కి గుండె తేలికపడింది గానీ, భార్య కళ్ళలో మెరుపు చూశాక కొంచెం భయం కూడా వేసింది.

మర్నాడు పొద్దున్నే మైదానం నిండిపోయింది. సారిఖావాళ్ళు దారి చుట్టుతిరిగి, బురదగుంట దాటి వచ్చారు. దక్షిణం వైపునించి అడుగు పెడితే జయమని జోస్యుడు చెప్పాడట. ల్హాబ్ మోకాళ్ళ దాకా బురద. మైదానం ఈ కొసన నిలబడి చూస్తే ఆ కొసన గురిగా పాతిన చెక్కపలక అరచెయ్యంత కనిపిస్తుంది. పలక పక్కనే రెండు జట్లవాళ్ళూ గుమిగూడతారు. మనవాడు వేస్తే ఎటు వెయ్యాలో చేతులూపి చెబుతారు, ఎదటివాడు వేస్తే వాడి గుండె జారేలా ఎగతాళి చేస్తారు. బాణం వచ్చే లోపల పక్కకి దూకడం వాళ్ళ నేర్పు. పలకకి తగిలితే జట్టంతా చేతులెత్తి పాడుతూ ఒక కాలిమీద గుండ్రంగా తిరుగుతుంది, తగిలించినవాడి నడుముకి ఏదో ఒక రంగు పట్టుగుడ్డ కడతారు.

నిదుప్ వంతు వచ్చింది. విల్లు ఎత్తాడో లేదో పలక ముందుకొచ్చి నిలబడ్డాడు ల్హాబ్.

"చుదింగ్ జనాలారా, మీ అల్లుడి సంగతి మీకు తెలీదు. దూడ తరిమితే చెట్టెక్కి సాయంత్రం దాకా దిగలేదు. అడగండి కావాలంటే."

బాణం పలకకి బారెడు దూరంలో పడింది. రెండోసారి దోఫు వచ్చాడు. నిదుప్ పన్నెండేళ్ళప్పుడు సన్యాసుల మఠంలో చేరి, నెయ్యిదీపాల నెయ్యి తిని మూడోనాడే తిరిగొచ్చిన కథ మైదానమంతా వినబడేలా చెప్పాడు. ఆ బాణం ఇంకా దూరం పోయింది. జనం పొట్టలు పట్టుకుంటున్నారు. నిదుప్‌కి చెవులు ఎర్రబడ్డాయి. మూడు నెలలుగా ఎంతో బుద్ధిగా, నెమ్మదిగా మెలిగి నిలబెట్టుకున్న పరువంతా ఆ ఇద్దరూ పేలాల్లా ఎగరేస్తున్నారు.

ఆపైన బిధా మొదలుపెట్టింది. సారిఖావాళ్ళ పక్కన నిలబడి, నడుముమీద చెయ్యి వేసుకుని, తాళం తప్పకుండా పాడింది:

"కొండమీది గద్దా, ఓ కొండమీది గద్దా,
కంకి కొయ్యమంటేను వేలు కోసుకుంటివి,
చాలు దున్నమంటేను పాము గీసి పోతివి,
గురి చూసి కొట్టమంటే గాలికేస్తివా గద్దా?"

చుదింగ్ ఆడవాళ్ళు తమ జట్టు సంగతి మరిచిపోయి వంత పాడారు. వంకరచాలు చూసి ఇన్నాళ్ళూ మొహం తిప్పుకున్న పక్కపొలం ఆసామి ఇప్పుడు బాహాటంగా, కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతున్నాడు. నిదుప్ విల్లు దించి తానూ నవ్వేశాడు. నవ్వేసరికి మూడు నెలల నుంచి భుజాలమీద ఉన్న బరువేదో జారిపోయినట్టయింది. ఆ తరవాత వేసిన బాణం ఠప్పుమని పలకలో దిగింది. ఖాందు స్వయంగా వచ్చి నడుముకి పచ్చపట్టు కట్టాడు.

భోజనాల వేళ దాటాక పందెం వేడెక్కింది. ఒకరు తగిలిస్తే వెంటనే మరొకరు. ల్హాబ్‌కి ఇక దాచుకున్న ఆయుధం తియ్యక తప్పలేదు. నిదుప్ నారి లాగుతుండగా గొంతెత్తి మొదలెట్టాడు.

"వినండి, వినండి. వీడు పెళ్ళికి ముందు ఎండాకాలమంతా, ఎండుజున్ను ముక్కలు గుచ్చిన దండ మెడలో వేసుకుని, అమ్ముతానంటూ మీ ఊరికి దిగేవాడు. ఎన్ని దండలనుకున్నారు? ఒకటే. అదే దండ మోసుకుని దిగడం, అదే దండ మోసుకుని ఎక్కడం. అమ్ముడైపోతే మళ్ళీ బిధాని చూడ్డానికి సాకు ఉండదని."

నిదుప్ బాణం వదలకుండానే నిలబడిపోయాడు. ఆడవాళ్ళలోంచి గాగెమ్ లేచింది.

"అందుకా బాబూ," అన్నది ఆవిడ నిదానంగా, "ఎంతకిస్తావంటే ఆకాశమంత ధర చెప్పేవాడివి? ఇంత పిసినారికి పిల్లనిచ్చామేమిటా అని ఇన్నాళ్ళూ లోలోపల కుమిలాను కదయ్యా."

పలక పక్కనించి వింత చప్పుడొకటి వచ్చింది. ముందు ఎవరికో పొలమారిందనుకున్నారు. చూస్తే, మామ కాదో. తాంబూలం ఉమ్మేసి, మట్టిదిబ్బ మీద చతికిలపడి, పట్టేసిన భుజం కూడా కదిలేటట్టు నవ్వుతున్నాడు. ఆయన నవ్వగా చూసి ఎన్నాళ్ళయిందో బిధాకే గుర్తు లేదు. పాట ఆపేసి తండ్రినే చూసింది. కాదో లేచి, పలక ముందుకొచ్చి, చెయ్యెత్తి అల్లుడికి ఊపాడు.

"కొంచెం ఎడమకి. గాలి తిరిగింది. తొందరపడకు నాయనా" అని కేక వేశాడు.

నిదుప్ ఎడమకి జరిపి వదిలాడు. బాణం పలకలో కూచుంది.

చివరికి వచ్చేసరికి సారిఖాకి ఒక్క దెబ్బ తగిలితే గెలుపు. చుదింగ్‌కి రెండు తగలాలి. నిదుప్ చేతిలో రెండు బాణాలున్నాయి, అతని తరవాత దోఫు వంతు.  నిదుప్ కళ్ళకి ఆ అరచెయ్యంత పలక తప్ప ఇంకేం కనబడలేదు. లాగాడు, వదిలాడు. బాణం పొడుగాటి వంపు తిరిగి నేరుగా పలక నడిబొట్టులో దిగింది.

అప్పుడు జరిగిందది. చుదింగ్‌వాళ్ళు తేరుకునేలోగా దోఫూ ల్హాబూ చేతులెత్తి, ఒక కాలిమీద గిర్రున తిరుగుతూ గెలుపుపాట అందుకున్నారు. చిన్ననాటి నుంచీ నిదుప్ బాణం తగిలితే ఆడడమే వాళ్ళకి అలవాటు. రెండు చుట్లు తిరిగాక గానీ తాము ఆడుతున్నది ఎదటిజట్టు బాణానికని వాళ్ళకి తెలియలేదు. తెలిసి ఆగబోతే, ఎదురుగా ఖాందు జట్టు కూడా ఆడుతోంది. ఇక ఆగడమెందుకని ఇంకో చుట్టు తిరిగారు. పగవాళ్ళు కూడా ఆడిన దెబ్బని రెండుగా లెక్కకట్టాలని ఖాందు వాదించాడు. ఎవరూ వినిపించుకోలేదు.

ఆ నవ్వుల్లో నిదుప్ రెండో బాణం వేశాడు. వేలెడు దూరంలో తప్పింది. దోఫు వచ్చి, ఒక కన్ను మూసి, ఏదో గొణుక్కుని వదిలాడు. ఠప్ మంది. సారిఖా గెలిచింది. బిధా గొంతు బొంగురుపోయేలా పాడుతూ దోఫు నడుముకి తెల్లపట్టు కట్టింది. నిదుప్‌కి ఓటమి కలుక్కుమనకపోలేదు. అది తన ఊరి ఓటమి అన్నట్టుగా కలుక్కుమన్నందుకు తనకే ఆశ్చర్యం వేసింది.

ఓడినవాళ్ళు విందు పెట్టాలి. జనమంతా కాదో ఇంటికే తరలివచ్చారు. ఎండుమిరపకాయలు వేసి వండిన పందిమాంసం, ఎర్రన్నం, గాగెమ్ తన చేత్తో కాచిన ఆరా అనే నాటుసారా. నిదుప్ ఒక్కచోట కూచోలేదు. పొయ్యి దగ్గర నుంచి వాకిట్లోకి, వాకిట్లోంచి కొట్టులోకి తిరుగుతూ వడ్డించాడు. ఇంకో నాలుగు గిన్నెలు కావాలని గాగెమ్ అడగబోయేలోగా తెచ్చి పెట్టాడు. "మా కారం తట్టుకోగలవా?" అని ల్హాబ్‌ని వేళాకోళం చేశాడు. మా కారం అన్నాడని ల్హాబ్ ఒక్కడే గమనించాడు. గమనించి ఏమీ అనకుండా ఇంకో ముక్క వేయించుకున్నాడు.

కాదో మాత్రం దోఫు పక్కన మఠం వేసుకుని కూచుని, అతని కప్పు ఖాళీ కాకుండా తానే నింపుతున్నాడు.

"ఆ దూడ సంగతి మళ్ళీ చెప్పు. ఏ చెట్టు ఎక్కాడు?"

"దేవదారు, పెద్దయ్యా. దిగమంటే, దూడ పడుకున్నాక దిగుతానన్నాడు."

"మామయ్యా, వాడు సగం కల్పించి చెబుతున్నాడు" అన్నాడు నిదుప్ గరిటె పట్టుకుని.

"నువ్వుండవయ్యా," అన్నాడు కాదో వెనక్కి కూడా తిరక్కుండా, "ఇప్పుడే మొదలుపెట్టాడు. ఆ, తరవాత?"