గొలుసు గదిలో బామ్మర్ది

మా బామ్మర్దికి బుద్ధుంటే యుద్ధనౌకలో చేరేవాడే కాదు. కిందటి రేవులో, జబ్బుపడిన తండ్రికి ఫోన్ చేసొస్తానని పోయి, లైను కలవక అక్కడే పాతుకుపోయి ఓడకి ఆలస్యంగా వచ్చాడు. అదే ఓడలో నేను వంటవాణ్ణి. కెప్టెన్ ముందు నిలబెట్టినవాడి టోపీ తీయించడం మా ఓడల్లో ఆనవాయితీ. టోపీ లేని ఆ తలని చూడలేక నేను వంటగదిలోకి పోయాను. మళ్ళీ చెప్పేదాకా ఓడ దిగకూడదని శిక్ష వేశారు.

తరువాతి రేవు మా ఊరే. మామగారు ఆస్పత్రిలో ఆఖరి ఘడియల్లో ఉన్నారని కబురొచ్చింది. బామ్మర్ది కాళ్ళావేళ్ళా పడ్డాడు. "కెప్టెన్ గారి మాట కెప్టెన్ గారే మార్చాలి" అన్నాడు మా మీద పెత్తనం చేసే చీఫ్. వాడికి డెక్ కడిగే పని అప్పజెప్పి, నన్ను మాత్రం పంపాడు.

మామగారు కళ్ళు తెరిచి నా వెనక్కి చూశారు.

"వాడేడీ అల్లుడూ?"

"డ్యూటీలో ఉన్నాడు మామయ్యా. వచ్చేస్తాడు."

"తొందరపెట్టకు. పని మధ్యలో వదిలేస్తే తిడతారు" అన్నారు. మధ్యాహ్నానికి పోయారు. మా ఆవిడ తమ్ముణ్ణి తలుచుకుని తలుచుకుని ఏడ్చింది.

ఆ కబురు వాడికి చెప్పడానికి సాయంత్రం తిరిగి ఓడెక్కుతుంటేనే చీఫ్ నా మీద విరుచుకుపడ్డాడు.

"మీ బామ్మర్దికి ఎంత పొగరయ్యా! నువ్వటు వెళ్ళగానే కెప్టెన్ గారు మనసు మార్చుకుని సెలవిచ్చారు. మైకులో పిలిచి పిలిచి నా గొంతు పోయింది. ఎక్కడో నక్కాడు. ఇంకో కేసు రాశాను."

ఆ జాలేదో నేను బయల్దేరకముందే కలిగుంటే ఎవరి సొమ్ము పోయింది! ఒళ్ళు మండిపోయింది. డెక్ అంతా వెతికాను. అద్దంలా కడిగి ఉంది, మనిషి లేడు. ఓడ ముందు భాగానికి వెళ్తే కాళ్ళ కింద సుత్తి చప్పుడు వినిపించింది. లంగరు గొలుసు చుట్టిపెట్టే ఇనుప గది అది. అక్కడికి మైకు వినపడదు.

నిచ్చెన దిగాను. బామ్మర్ది ముఖం నిండా తుప్పు.

"బావా, డెక్ ఎప్పుడో అయిపోయింది. ఈ గది ఎవరూ ముట్టుకోరు. అడక్కుండానే శుభ్రం చేశానని తెలిస్తే కెప్టెన్ గారు సంతోషించి రాత్రికైనా పంపిస్తారు. నాన్నకి చెప్పావా, వస్తానని?"

"చెప్పాను."

"అయితే కాస్త ఆగు. ఈ ఒక్క గోడ తుప్పు రాలగొట్టేస్తా" అని వాడు మళ్ళీ సుత్తి ఎత్తాడు. అది లాక్కోవడానికి నాకు చేతులు రాలేదు.