పూనకానికి తరగతులు

జావాలోని ఆ ఊళ్లో కంచుగంటలు మోగితే చాలు, వెదురుగుర్రాల ఆటగాళ్లకి పూనకం వచ్చేది. వచ్చినవాడు గడ్డి మేసేవాడు, పళ్లతో కొబ్బరికాయ ఒలిచేవాడు. ఎందుకని ఎవరూ అడిగేవారు కాదు. కాలేజీలో మనస్తత్వశాస్త్రం చెప్పి రిటైరైన విర్యోనో గారికి మాత్రం ఈ గందరగోళం గిట్టేది కాదు. ఒళ్లు తెలియకపోవడానికీ ఒక పద్ధతి ఉండాలని ఆయన పట్టు. అందుకే నాలుగు తరగతులు చేశారు: నిండు పూనకం, సగం పూనకం, మగత, నటన. వెదురుగుర్రాల పోటీలకి న్యాయనిర్ణేతగా పిలిచేసరికి, ఇస్త్రీ చేసిన బాతిక్ చొక్కా తొడుక్కుని దర్జాగా వచ్చి కూర్చున్నారు.

మొదట ఇటుకబట్టీ తుమిజాన్‌కి పూనింది. సకిలిస్తూ గంపలోని గడ్డి మేస్తున్నాడు. విర్యోనో గారు అతని కనురెప్ప ఎత్తి చూసి, మైకులో "నటన" అనేశారు.

తుమిజాన్ నమలడం ఆపాడు. "ఎవడ్రా నువ్వు? ఈ ఊరి వాగు కాసే ముసలి దెయ్యాన్ని నేను. నన్ను చూసే మీ తాత లుంగీ తడుపుకున్నాడు. నాది నటనా?"

"చూశారా, ఎదురు మాట్లాడుతున్నాడు. మగత కూడా కాదు!"

జనం ఘొల్లుమన్నారు. పూనకాలు దించే ముసలి కర్సో బతిమాలాడు. "అయ్యా, దెయ్యాన్ని ఫెయిల్ చేస్తే ఊరుకోదు. సగమన్నా ఇవ్వండి."

"శాస్త్రంలో బేరాల్లేవు తాతా."

డప్పుల జోరు పెరిగింది. విర్యోనో గారి పాదం ఆడింది, తర్వాత మోకాలు. 'ఇది మగత,' అనుకున్నారు. 'కాదు, సగం...' అనుకుంటుండగానే ఆలోచన తెగిపోయింది.

కళ్లు తెరిచేసరికి కర్సో ఒళ్లో తల, మీసాల్లో గడ్డిపరకలు. ఎదురుగా భార్య ముర్తిని.

"ఏమైందే?"

"ఏముంది, తుమిజాన్ గడ్డి లాక్కుని తిన్నారు. అడ్డొస్తే కరిచారు."

తుమిజాన్ మోచెయ్యి చూపించి వినయంగా అడిగాడు. "మరి తమరిది ఏ తరగతి, సార్?"

ఆయనకి చచ్చేంత సిగ్గేసింది. రిటైరయ్యాక ఒళ్లింత తేలికైంది ఈవేళే అని కూడా అనిపించింది. అది మింగేసి మైకు అందుకున్నారు. "పొద్దుట ఏమీ తినలేదు. నీరసం, అంతే."

"రెండు ప్లేట్ల వేపుడన్నం లాగించారు కదండీ!" ముర్తిని గొంతు కూడా మైకులో పడింది.

తర్వాత ఆయన అయిదో తరగతి కలిపారు: పండిత పూనకం. పట్టా ఉన్నవాళ్లకే వస్తుందట. తుమిజాన్‌ది మాత్రం నటనగానే ఉండిపోయింది.

ఇప్పుడాయన ఆదివారం వస్తే తననెవరూ ఎరగని పొరుగూళ్లకి పోతున్నారు. పరిశోధనకని ఇంట్లో చెబుతారు. అక్కడ డప్పుల పక్కన చోటు కోసం పిల్లలతో పోట్లాడతారు.